ఎనిమిదో వంతు మిల్లు, పద్నాలుగు గదుల కల

గోదావరి డెల్టాలో పుట్టి హైదరాబాద్‌లో స్థిరపడిన ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం పంపారు. పేరూ ఊరూ బయటపెట్టవద్దన్నారు. సారాంశం ఇది.

ఆమెకు నలభై ఆరేళ్లు. ఒక ప్రైవేటు సంస్థలో ఇరవై రెండేళ్లు పనిచేసి నిరుడు మానేశారు. భర్త ప్రభుత్వోద్యోగి, కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. 1968లో ఆమె తండ్రి, ఆయన పినతండ్రి కొడుకు చెరి సగం పెట్టుబడితో ఫర్మ్ పెట్టి, కాలువ పక్కన అప్పటికే ఇరవై ఏళ్ల పాతదైన బియ్యం మిల్లును కొన్నారు. ఎకరం అరవై సెంట్ల స్థలం, ఉప్పుడు బియ్యానికి వడ్లు నానబెట్టే తొట్లు, బాయిలరు, ఎత్తయిన పొగగొట్టం, రెండు గోదాములు, సిమెంటు కళ్లం, మిల్లును తిప్పే ఒక రస్టన్ ఇంజను. కొత్త తరహా మిల్లులు వచ్చాక ఈ పాత హల్లర్ల (వడ్ల పొట్టు తీసే పాత తరహా యంత్రాల) దగ్గరికి ధాన్యం తెచ్చేవారు తగ్గిపోయారు. 2004లో మిల్లు మూతపడింది. భాగస్తుడైన బాబాయి 2011లో పోయారు, ఆయనకు ఇద్దరు కొడుకులు. తండ్రి మూడేళ్ల క్రితం పోయారు. వీలునామా రాయలేదు. తల్లి మిల్లు ప్రహరీని ఆనుకుని ఉన్న పాత ఇంట్లోనే ఉంటున్నారు. అన్నగారు న్యూజెర్సీలో ఉన్నారు. తమ్ముడు ఊళ్లోనే ఉంటూ రొయ్యల చెరువుల్లో రెండుసార్లు దెబ్బతిన్నాడు, అప్పులున్నాయి. ఒక రియల్ ఎస్టేట్ వ్యాపారి సెంటు మూడు లక్షలకు అడుగుతున్నాడు. అమ్మేద్దామని తమ్ముడి పోరు.

రెండేళ్ల క్రితం ఈమె శ్రీలంక వెళ్లినప్పుడు నువర ఎలియ దగ్గర కందపొలలో ఒక హోటల్‌లో దిగారు. అది మూతపడిన తేయాకు ఫ్యాక్టరీని మార్చి కట్టిన హోటల్. ఆ రాత్రి కిటికీ పక్కన కూర్చుని నాన్న మిల్లును తలచుకుని ఏడ్చానని రాశారు. తిరిగి వచ్చాక ఒక ఆర్కిటెక్టుతో పద్నాలుగు గదుల హోటల్‌కు ప్లాను గీయించారు. అంచనా మూడున్నర కోట్లు. తన పొదుపు డెబ్బై లక్షలు, బ్యాంకు అప్పు రెండు కోట్లు, మిగిలిన ఎనభై లక్షలు అన్నయ్య పెడతాడని ఆశ. అన్నయ్య మాత్రం "చూద్దాం" అన్నాడు. హోటల్ ముందు హాల్లో రస్టన్ ఇంజనును నిలబెట్టి, లైట్లు పెట్టి, దాని పక్కన కాఫీ బల్లలు వేయాలని ఆమె కోరిక. ఇంకొక వాక్యం కూడా ఉంది: "గేటు గదిలో మా పాత ఇంజను డ్రైవరు, బెల్టులో పడి చేయి పోగొట్టుకున్నాయన, కొడుకూ కోడలితో ఉంటున్నాడు, వాళ్లను ఎక్కడికైనా సర్దాలి."

చివర్లో అడిగినవి రెండు. "తమ్ముడు నాన్న జ్ఞాపకాన్ని అమ్ముకుంటున్నాడు. పైగా నీకు కట్నం ఇచ్చి పెళ్లి చేశాం, నీ వాటా ఏమిటి అంటున్నాడు. మా వారు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తున్నారు. నేను తప్పు చేస్తున్నానా? ఏం చేయమంటారు?"

అమ్మా, ముందుగా మీ వారి చూపు సంగతి. మీ ఆలోచన పిచ్చిది కాదు. వెనిస్‌లో స్టకీ పిండిమిల్లు 1955లో మూతపడి, 2007లో హోటల్‌గా తెరుచుకుంది. మధ్యలో యాభై రెండేళ్లు. అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో ఓట్స్ నిల్వ చేసే ముప్పై ఆరు కాంక్రీటు గాదెలను హోటల్ చేస్తే, గదులన్నీ గుండ్రంగా వచ్చాయి. మంచానికి గోడ ఎక్కడ దొరికిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. ఆ హోటల్‌ను 2007లో అక్కడి విశ్వవిద్యాలయం కొని విద్యార్థుల వసతి గృహం చేసింది. అంటే పాత మిల్లు హోటల్ కాగలదు, హోటల్ మళ్లీ ఇంకొకటి కూడా కాగలదు. కాబట్టి ఇది కుదిరే పనేనా అని మీ వారు అడిగితే కుదురుతుందని చెప్పండి. ఎవరికి, ఎవరి డబ్బుతో, ఎవరి స్థలంలో అని అడిగితే మాత్రం మీ దగ్గర ఇంకా జవాబు లేదు.

మీ ఉత్తరంలో "మా మిల్లు" అన్న మాట పంతొమ్మిది సార్లు వచ్చింది. పెన్సిలుతో గీతలు పెట్టుకుని లెక్కపెట్టాను. ఇప్పుడు ఆ "మా" ఎంతో చూద్దాం. ఫర్మ్‌లో మీ నాన్నగారి వాటా సగం, బాబాయిది సగం. మీ నాన్నగారి సగం వీలునామా లేదు కాబట్టి మీ అమ్మగారికి, మీ ముగ్గురు పిల్లలకు సమానంగా వస్తుంది. అంటే నలుగురికి నాలుగు భాగాలు. సగంలో నాలుగో వంతు ఎనిమిదో వంతు. సెంటు మూడు లక్షల లెక్కన స్థలం విలువ నాలుగు కోట్ల ఎనభై లక్షలైతే, అందులో మీది అరవై లక్షలు. ఏడు వంతులు వేరేవాళ్లవైన చోట మూడున్నర కోట్ల కట్టడం లేపాలని మీరు అనుకుంటున్నారు. ఆర్కిటెక్టు ఈ ప్రశ్న అడగడు, అది ఆయన పని కాదు. బ్యాంకు మేనేజరు అడుగుతాడు, మొదటి రోజే.

ఈ ఎనిమిదో వంతు కూడా చేతిలో పెట్టినంత సులువుగా రాదు. స్థలం ఫర్మ్ పేరు మీద ఉందన్నారు. ఇద్దరే భాగస్తులున్న ఫర్మ్‌లో ఒకరు పోతే ఫర్మ్ రద్దయినట్టే. మీది 2011లోనే రద్దయింది, లెక్కలు మాత్రం తేలలేదు. భాగస్వామ్య చట్టం ప్రకారం ముందు ఫర్మ్ బాకీలు తీరాలి, మిగిలినదే వారసులకు. మిల్లు నడిచిన రోజుల్లో ధాన్యం మీదో యంత్రాల మీదో బ్యాంకు అప్పు తీసుకుని ఉంటారు. అది తీరినా తనఖా రద్దు కాగితం తెచ్చుకోని కుటుంబాలు డెల్టా అంతటా ఉన్నాయి. పాత అమ్మకపు పన్ను, కరెంటు బకాయి, పంచాయతీ పన్ను, ఇవన్నీ చూడాలి. ఈసీ, అంటే ఆస్తి మీద ఉన్న తాకట్టులు, లావాదేవీల ధ్రువపత్రం, తీయించండి. ఇంకొకటి కూడా. కాలువ పక్కన మిల్లులు కట్టింది ధాన్యం, బియ్యం పడవల మీద వచ్చి పోయేవి కాబట్టి. ఆ రోజుల్లో పడవ రేవు దాకా షెడ్డు జరిపి కట్టుకున్నా అడిగేవారు లేరు. మీ ఎకరం అరవైలో ఎన్ని సెంట్లు దస్తావేజులో ఉన్నాయో, ఎన్ని నీటిపారుదల శాఖ వారి కాలువ గట్టులో ఉన్నాయో సర్వేయరుతో కొలిపించండి. కాలువకు ఎదురుగా వరండా వేసి అతిథులకు సాయంత్రం టీ ఇవ్వాలన్న మీ ముచ్చటైన ఊహ సరిగ్గా ఆ వివాదపు సెంట్ల మీదే ఉండవచ్చు. భూమి రెవెన్యూ రికార్డుల్లో దేని కింద నమోదై ఉందో కూడా అప్పుడే తేలుతుంది.

కట్నం ఇచ్చాం కాబట్టి వాటా లేదన్న మాటకు చట్టంలో చోటు లేదు. తండ్రి స్వార్జితంలో వీలునామా లేనప్పుడు కూతురికి కొడుకుతో సమాన వాటా 1956 నాటి హిందూ వారసత్వ చట్టం నుంచే ఉంది. ఇది ఉమ్మడి కుటుంబ ఆస్తి అని ఎవరైనా వాదించినా, దానికీ జవాబుంది. ఆంధ్రప్రదేశ్ అందరికంటే ముందు 1985లో పెళ్లికాని కూతుళ్లకు ఆ హక్కు ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి పెళ్లితో పని లేకుండా కేంద్ర చట్టం దేశమంతటికీ ఇచ్చింది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. మీ తమ్ముడికి ఇది కోపంతో కాకుండా ఒక వకీలు చేత చెప్పించండి.

ఇదే చట్టం మీ అమ్మగారికీ మీతో సమానంగా వాటా ఇస్తుంది. ఆరు పేజీల్లో అన్నయ్య ఏమన్నాడో ఉంది, తమ్ముడు ఏమన్నాడో ఉంది, మీ వారి కనుబొమ్మలు ఎలా లేచాయో కూడా ఉంది. ఆ గోడ పక్కనే నిద్రపోయే మీ అమ్మగారు ఏమంటున్నారో ఒక్క వాక్యం లేదు. అడిగారా?

ఇప్పుడు కట్టడం సంగతికి వద్దాం. కందపొల హోటల్ మీ మనసులో నాటుకుంది కాబట్టి దానితోనే చెబుతాను. తేయాకు ఫ్యాక్టరీలో కోసిన ఆకును ముందుగా పై అంతస్తుల్లో పరచి వాడబెడతారు. దానికి గాలి కావాలి. అందుకే ఆ అంతస్తులు పొడవుగా, సన్నగా, రెండు పక్కలా వరసగా కిటికీలతో ఉంటాయి. అడ్డంగా గోడలు లేపితే ప్రతి గదికీ ఒక కిటికీ, కిటికీలోంచి కొండ. 1996లో దాన్ని హోటల్ చేసినవారు పాత యంత్రాలనూ, పెద్ద పెద్ద ఫ్యాన్లనూ తీయకుండా, ఆకు వాడిన చోటే మనుషులను పడుకోబెట్టారు. ఆ కట్టడం సగం హోటల్‌గానే పుట్టింది.

వడ్ల గోదాము అలా కాదు. తేమ రాకూడదు, ఎలుక రాకూడదు, దొంగ రాకూడదు. మందపు గోడలు, పైన చేతికందని ఎత్తులో చిన్న గాలి రంధ్రాలు, ఒకే ఒక పెద్ద తలుపు. మీరు జతచేసిన ఫొటోల్లో రెండు గోదాముల్లోనూ నేను చూసింది అదే. అందులో పద్నాలుగు గదులు అంటే పద్నాలుగు చోట్ల భారం మోసే గోడను కోయాలి, పద్నాలుగు స్నానాల గదులకు నీరు పోయే దారి వెతకాలి. కింద నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. ఇన్నేళ్లుగా పొడిగా అలవాటు పడిన పునాది పక్కన రోజూ పద్నాలుగు బకెట్ల సబ్బు నీరు పోస్తే గోడలు ఊరుకోవు. మీ గోడలు గానుగ సున్నంతో కట్టినవని రాశారు. సంతోషం. కానీ మేస్త్రీలు అలవాటుగా వాటి మీద సిమెంటు పూత పూస్తారు. సున్నపు గోడ పీల్చిన తేమను బయటికి వదులుతుంది, సిమెంటు పూత దాన్ని లోపలే బంధిస్తుంది. రెండు వర్షాకాలాల్లో పొరలుగా ఊడి వస్తుంది. గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు తక్కువ, ఉన్నవారి కూలీ ఎక్కువ. మీ మూడున్నర కోట్ల అంచనాలో ఇది కలిసిందా?

ఫొటోల్లో ఒక గోదాము మీద బెంగళూరు పెంకు ఉంది, మిల్లు షెడ్డు మీద సిమెంటు రేకులున్నాయి. ఆ కాలపు సిమెంటు రేకుల్లో సాధారణంగా ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. రేకు కదలకుండా ఉన్నంతవరకూ పెద్ద ఇబ్బంది లేదు. సుత్తితో పగలగొట్టినా, కోసినా, డ్రిల్లు పెట్టినా నార గాలిలోకి లేస్తుంది, ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత జబ్బుగా బయటపడుతుంది. దాన్ని పీల్చేది మీరూ ఆర్కిటెక్టూ కాదు, పైకెక్కిన కూలీలు. తీయక తప్పకపోతే తడిపి, పగలకుండా బోల్టులు విప్పి, మాస్కులిచ్చి దింపించాలి. వెనిస్ పిండిమిల్లులో పనులు జరుగుతున్నప్పుడే 2003లో పెద్ద మంటలు లేచాయి. పాత మిల్లు అంటే నూనె ఇంకిన చెక్క, మూలల్లో ఊక, తవుడు దుమ్ము. వెల్డింగ్ మొదలుపెట్టే రోజున ఇది గుర్తుండాలి. పొగగొట్టం వంగిందో లేదో కంటితో చెప్పలేం, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి.

కందపొల కంటే మీ మిల్లుకు దగ్గర బంధువు చైనాలో ఉంది. గ్వాంగ్‌షీ ప్రాంతంలోని యాంగ్‌షువో దగ్గర, లీ నది ఒడ్డున, 1960ల నాటి చక్కెర మిల్లు ఒకటి పాడుపడి ఉండేది. 2017లో హోటల్‌గా తెరిచినప్పుడు అతిథులు పడుకునే గదులను పాత మిల్లులో పెట్టలేదు, పక్కన కొత్త బ్లాకులు కట్టారు. పాత మిల్లును అందరూ కూర్చునే చోటుగా, బారుగా, గ్రంథాలయంగా వాడుకున్నారు. చెరకును పడవల్లోకి ఎక్కించిన రేవు చట్రం అలాగే నిలబడి ఉంది, దాని కిందే ఈతకొలను. మీకు కాలువ రేవు ఉంది కదా! మిల్లును మిల్లుగానే ఉంచి, పడకలు వేరేచోట వేసే ఆలోచన మీ ఆర్కిటెక్టు ముందు పెట్టి చూడండి. గోడలు కోయనక్కరలేదు, ఖర్చు కూడా విడతలుగా పెట్టవచ్చు.

అయితే ఈ రెండు హోటళ్ల వెనుకా పెద్ద సంస్థలున్నాయి. కందపొల హోటల్ శ్రీలంకలోని ఎయిట్‌కెన్ స్పెన్స్ సంస్థది. వాళ్లకు వేరే హోటళ్లున్నాయి. ఒక ఏడాది ఒకటి పడుకున్నా మిగిలినవి మోస్తాయి. మీ వెనుక ఉన్నది మీ పీఎఫ్.

నేను ఒకప్పుడు బ్యాంకులో చిన్న పరిశ్రమల అప్పుల బల్ల దగ్గర కూర్చున్నదాన్ని. అప్పు దరఖాస్తుల్లో ఖాళీ గది ఉన్న హోటల్‌ను నేనెప్పుడూ చూడలేదు. కాగితం మీద అన్నీ కళకళలాడుతూనే ఉంటాయి. కాబట్టి మీ లెక్కను కొంచెం చల్లగా వేద్దాం. పద్నాలుగు గదులు, గది అద్దె మూడున్నర వేలు, ఏడాదంతా సగటున వందకు నలభై గదులు నిండాయనుకుందాం. సుమారు రెండు వేల నలభై గది-రాత్రులు, వచ్చేది డెబ్బై ఒకటిన్నర లక్షలు. జీతాలు, కరెంటు, బట్టల ఉతుకు, ఆన్‌లైన్ బుకింగ్ కమీషన్లు, మరమ్మతులు కలిపి అందులో అరవై అయిదు శాతం పోతే పాతిక లక్షలు మిగులుతాయి. రెండు కోట్ల అప్పుకు పదకొండు శాతం వడ్డీ అంటే మొదటి ఏడాది ఇరవై రెండు లక్షలు. మూడు లక్షలు మిగిలాయి. అసలు తీర్చడం ఇంకా మొదలు కాలేదు. మీ జీతం లేదు. అన్నయ్య ఎనభై లక్షలకు ప్రతిఫలం లేదు. బాబాయి కొడుకులకు ఒక్క రూపాయి లేదు.

నలభై శాతం తక్కువ వేశాననుకుంటారేమో. మీ ఊరికి ఎవరు వస్తారో ఆలోచించండి. సంక్రాంతి నాలుగు రోజులు భీమవరం చుట్టుపక్కల గది దొరకదు, ఎంత చెబితే అంత ఇస్తారు. ఆ నాలుగు రోజులు చూసి ఏడాదిని అంచనా వేయడం మన జిల్లాల వాళ్ల పాత అలవాటు. కార్తీకంలో పంచారామాల యాత్రికులు వస్తారని రాశారు. వాళ్లు అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట ఒక్క రోజులో చుట్టే ఆర్టీసీ బస్సుల్లో వస్తారు, రాత్రికి బస్సులోనే ఇంటిదారి పడతారు. ఆగరు. దిండి వైపు పడవ విహారాలకు వచ్చేవారు నీటి మీదో కొబ్బరి తోటలోనో ఉండాలనుకుంటారు, బియ్యం మిల్లులో ఉండాలని వాళ్లకు ఎవరైనా చెప్పాలి. చెప్పవచ్చు, కొందరు వింటారు కూడా. దానికి రెండు మూడేళ్లు పడుతుంది. వడ్డీ మాత్రం మొదటి నెల నుంచే కట్టాలి.

గది అద్దె 7,500 లోపు అయితే 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతమే. కానీ మీరు సామాన్ల మీద కట్టిన పన్నును అందులో సర్దుకోవడానికి వీల్లేదు. ఆంధ్రప్రదేశ్ 2024–29 పర్యాటక విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. రాయితీలకు తప్పకుండా దరఖాస్తు చేయండి, వచ్చిన రోజున సంతోషించండి. రాకముందే పెట్టుబడి లెక్కలో వేయకండి.

మీ తమ్ముడి గురించి రాసిన పేజీ నాకు బాగా లేదు. కోప్పడకండి. మీరు హైదరాబాద్‌లో ఉండి తలచుకున్నప్పుడు ఆ మిల్లు తవుడు వాసన, నాన్న కాటా దగ్గర కూర్చున్న కుర్చీ. అదే ఊళ్లో ఉన్నవాడికి అది పాములు తిరిగే చోటు. రాత్రిళ్లు తాగడానికి చేరిన కుర్రాళ్లను వెళ్లగొట్టాల్సింది అతనే, గాలివానకు రేకు లేచిపోతే అమ్మగారు ఫోను చేసేదీ అతనికే. మీరే రాశారు, అమ్మ మోకాలి ఆపరేషన్‌కు నెల రోజులు ఆస్పత్రిలో ఉన్నది అతనూ అతని భార్యా అని. అతను జ్ఞాపకాన్ని అమ్ముకోవడం లేదు, అప్పులవాళ్ల నుంచి తప్పించుకోవాలని చూస్తున్నాడు. మీ ప్లానులో అతనికి డబ్బు ఎప్పుడు వస్తుంది? హోటల్ లాభాల్లోకి వచ్చాక. అప్పులవాడు అంతదాకా ఆగడు. అతని అవసరానికి ఏదైనా దారి చూపించకుండా మీరు తెచ్చే ఏ ప్లానుకూ అతను సంతకం పెట్టడు. పెట్టకపోతే మీరంతా కోర్టులో పంచుకునేది రావి మొక్కలు మొలిచిన గోడల్నే.

ఇక దారులు. పూర్తిగా అమ్మడం ఒకటి. అవమానం ఏమీ లేదు. మీకు అరవై లక్షలు, తమ్ముడికి ఊపిరి, అమ్మగారికి తన పేరు మీద తన డబ్బు. అమ్మే ముందు టేకు దూలాలు, పెంకులు, ఇంజను, కాటా, లెక్కల పుస్తకాలు మీవిగా తీసుకోవచ్చు, అగ్రిమెంటులో రాయించాలి. ఏడాది తర్వాత అటు వెళ్లినప్పుడు పొగగొట్టం కనిపించదు. దానికి మీరు ఎంత సిద్ధమో మీకే తెలియాలి. అమ్మకంలోనే ఇంకో పద్ధతి కొంత స్థలాన్ని మాత్రమే అమ్మడం. కళ్లం, వెనుక ఖాళీ చోటు కలిపి తొంభై సెంట్లు ఉంటాయన్నారు. అవి పోతే బాబాయి కొడుకులకు ఆ డబ్బులోంచే ఎక్కువ భాగం ఇచ్చి, మిల్లు కట్టడం ఉన్న భాగాన్ని మీ వైపు వాళ్లే ఉంచుకునే బేరం కుదరవచ్చు. కుదిరితే మీ ఎనిమిదో వంతు నాలుగో వంతవుతుంది, తమ్ముడికీ కొంత చేతికి వస్తుంది. కానీ లేఅవుటు రోడ్డు ఎటు నుంచి పోతుందో చూసుకోవాలి, లేకపోతే మీ మిల్లు నాలుగు వైపులా గోడల మధ్య ఇరుక్కుంటుంది.

పెద్ద హోటలే కావాలంటే అందరి సంతకాలతో కంపెనీ పెట్టి, స్థలం విలువనే వాళ్ల వాటాగా లెక్కించి, నడపడం తెలిసిన వారిని భాగస్వామిగానో అద్దెదారుగానో తెచ్చుకోవాలి. దీర్ఘకాలపు లీజు అయితే రిజిస్టర్ చేయించడం తప్పనిసరి. వాళ్లు డబ్బు పెడతారు కాబట్టి మాట వాళ్లదే చెల్లుతుంది. మిల్లును పెళ్లిళ్ల హాలు చేసి, పొగగొట్టానికి సీరియల్ లైట్లు చుట్టినా మీరు అడ్డు చెప్పలేరు. నిజానికి మీ ఊళ్లో డబ్బు వచ్చేది పెళ్లిళ్ల హాలుకే. అమ్మగారి పడకగది కిటికీ మాత్రం అటే ఉంది.

చిన్నగా మొదలుపెట్టడం మరో దారి. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకం కింద యజమాని అదే ఇంట్లో ఉంటూ ఒకటి నుంచి ఆరు గదుల దాకా అతిథులకు ఇవ్వవచ్చు. అమ్మగారు ఉంటున్న ఇంట్లో మూడు గదులు ఖాళీగా ఉన్నాయన్నారు. నాలుగోది పాత గుమాస్తా గది. ఇరవై, పాతిక లక్షల్లో వీటిని బాగుచేసి, మిల్లు షెడ్డును తాకకుండా, వచ్చినవారికి చూపించి, రెండు సంక్రాంతులు నడపండి. ఎవరు వస్తున్నారో, మళ్లీ ఎవరు వస్తున్నారో తెలుస్తుంది. అంతకంటే ముఖ్యంగా, రాత్రి రెండు గంటలకు గీజరు పనిచేయడం లేదని తలుపు తట్టే మనిషిని మీరు భరించగలరో లేదో తెలుస్తుంది. మీకు మిల్లంటే ప్రేమ ఉందని ఆరు పేజీలూ చెబుతున్నాయి, అతిథులంటే ఇష్టమని ఏ పేజీలోనూ లేదు. ఉద్యోగం మానేశాక ఖాళీ అయిన రోజును నింపడానికి వెతుకుతున్న పనేమో ఇది అని నాకొక అనుమానం. తప్పయితే మన్నించండి. ఈ దారిలో ఇబ్బంది ఏమిటంటే తమ్ముడి అప్పు తీరదు, అమ్మగారి ప్రశాంతత పోవచ్చు, హైదరాబాద్‌లో మీ వారు ఒంటరిగా వండుకోవాలి.

హోటలే కానక్కరలేదు కూడా. ఫోర్ట్ కొచ్చిలో ఆస్పిన్‌వాల్ హౌస్ అనే పాత వ్యాపార సంస్థ ఆవరణను 2012 నుంచి చాలా ఏళ్లు బినాలే అనే, రెండేళ్లకోసారి జరిపే కళా ప్రదర్శనలకు వాడుకున్నారు. గోడలు పాతవే, పూతలు పాతవే, గదికొక స్నానాల గది బెడద లేదు. మీ ఊరు కొచ్చి కాదు, నిజమే. కానీ ఏడాదిలో కొన్ని నెలలు షెడ్డును షూటింగులకో, నాటకాలకో, చేనేత ప్రదర్శనలకో ఇస్తే పైకప్పు ఖర్చు రావచ్చు.

వీటిలో ఏది ఎంచుకున్నా ఒక పని ఆగకూడదు. పైకప్పు కారే చోట్లు ఈ వానలకు ముందే మూయించండి, గోడల్లో మొలిచిన రావి మొక్కలను వేళ్లతో సహా తీయించండి. పైకి కనిపించే కొమ్మ కోస్తే చాలదు. అమ్మినా, ఉంచినా, తడిసిన దూలానికి విలువ లేదు. ఈ ఖర్చు మాత్రం ఎవరినీ అడగకుండా మీరు పెట్టుకోవచ్చు, రసీదులు దాచుకోండి.

గేటు గది మనిషి గురించి చివరికి ఉంచాను. మీ ఉత్తరంలో ఆయనకు దక్కింది ఒక్క వాక్యం, అది కూడా ఆయనను ఎక్కడికి సర్దాలన్న విషయం. ఆయన చేయి తీసుకున్న ఇంజనునే మీరు కాఫీ బల్లల మధ్య లైట్లు పెట్టి నిలబెట్టాలనుకుంటున్నారు. మీరు ఆ రెండింటినీ కలిపి ఆలోచించి ఉండరని నాకు తెలుసు. ఉత్తరంలో ఆ రెండు వాక్యాల మధ్య నాలుగు పేజీల దూరం ఉంది. ఆనాడు ఆయనకు మీ నాన్నగారు ఏమిచ్చారు? ఉండటానికి గది ఇచ్చారని రాశారు. నష్టపరిహారం ఇచ్చారా, ఆ గదే పరిహారమా? జీవితాంతం ఉండమని నోటిమాట ఇచ్చి ఉంటే కొన్న వ్యాపారికి ఆ మాట వినిపించదు, హోటల్ అద్దెకు తీసుకున్నవాడికీ వినిపించదు. మీకు ఒక్కరికే వినిపిస్తుంది.

ఈసారి ఊరు వెళ్లినప్పుడు ఆర్కిటెక్టును తీసుకువెళ్లకండి. ఇంజను గది తాళం తీయించి, ఆయనతో పాటు లోపలికి వెళ్లండి. ఇంజనును ఎలా స్టార్ట్ చేసేవారో, బెల్టు ఎక్కడ జారేదో, ఆ రోజు ఏం జరిగిందో ఆయన చెప్పాలనుకుంటే వినండి. ఆ ఇంజనును నలుగురూ చూసేలా పెట్టడం ఆయనకు ఇష్టమేనా అని అడగండి. పెట్టమంటే పక్కన ఆయన పేరు కూడా రాయించవచ్చు. వద్దంటే ఆ గదిలోనే, ఉన్న చోటే ఉండనివ్వండి. ఆయన ఏమన్నా సరే, గేటు గదికి బదులు ఏమిస్తారో అమ్మగారి ఎదుట, తమ్ముడి ఎదుట కాగితం మీద తేలాకే ఆ ప్లాను చుట్టను మళ్లీ విప్పండి.